అల్మారీలో ఆకుకూరలు

నాకు కోపం తొందరగా వస్తుంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు పాఠం చెప్పాను కనుక, తప్పు వాక్యం కంటపడితే ఒళ్ళు మండుతుంది. ఆ రోజు నన్ను మండించిన వాక్యంలో మాత్రం వంక పెట్టడానికి ఒక్క అక్షరం దొరకలేదు. హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్న ప్రణీత అనే అమ్మాయి ఒక పత్రికలో వ్యాసం రాసింది. మా అక్క కూతురు మానస దాన్ని నా ఫోనుకు పంపింది, "పిన్నీ, మీ జహీరాబాద్ గురించే" అని. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల చేలల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరల మీద వ్యాసం. పిల్ల బాగానే రాసింది. మూడో పేరాలో ఉంది అసలు సంగతి: "ఈ ప్రాంతపు చేను కూరల మీద ఇంతకుముందు ఎవరూ పరిశోధన చేయలేదు. ఈ నెలాఖరులో నేను సమర్పించబోయే సిద్ధాంత గ్రంథమే మొదటిది."

ఎవరూ చేయలేదట. చెప్పులు వేసుకుని, నడినెత్తిన ఎండ ఉందని కూడా చూడకుండా, స్టేషన్ రోడ్డులో రహమతున్నీసా ఇంటికి బయలుదేరాను. ఆ పరిశోధన చేసింది రహమత్. డాక్టరేటు పుచ్చుకుంది రహమత్. ఆమె వెంట ఆ చేలన్నీ తిరిగి కాళ్ళకు పల్లేరుకాయలు గుచ్చుకున్నది నాకు. ఇద్దరం బతికే ఉన్నాం, ఈ ఊళ్ళోనే ఉన్నాం.

రహమత్ వాకిట్లో పుదీనా కుండీలకు నీళ్ళు పోస్తోంది. ఫోను తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళద్దాలు వెతుక్కుని, కుర్చీ లాక్కుని, నిమ్మళంగా మొత్తం చదివింది.

"మంచిగ రాసింది పిల్ల," అంది.

"మంచిగనా? నువ్వు నాలుగేండ్లు తిరిగి రాస్తివి. ఎవ్వరు జేయలేదంటున్నది గద."

"ఆ పిల్లకెట్ల తెలుస్తదే మనో? నా థీసిస్ మీ కాలేజీ అల్మారీల ఉన్నది. అల్మారీకి తాళం ఉన్నది. తాళంచెవి యాడున్నదో అల్లాకే ఎరుక." కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చాయ్ తాగుతవా?"

ఆమె అట్లా చల్లగా ఉంటే నాకు ఇంకా మండుతుంది. పెళ్ళి ఆమెది, వాయిద్యాలు నావి అన్నట్టుంటుంది మా స్నేహం మొదటినుంచీ. ఆ చాయ్ కోపంగానే తాగాను.

రహమత్ పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. వాళ్ళ అబ్బా నసీరుద్దీన్ సాబ్‌కు బజారులో బట్టల దుకాణం. చదువుకు అడ్డం చెప్పేవాడు కాదు. ఊళ్ళ మీద తిరగాలి అనేసరికి మాత్రం గడ్డం నిమురుకుని, "మనోరమ బేటీ తోడు వస్తనంటె పో, లేకుంటె లేదు," అన్నాడు. దాంతో నాలుగేళ్ళ పాటు నా ఆదివారాలన్నీ ఆకుకూరల పాలయ్యాయి. మా అమ్మ అయితే, "పీహెచ్‌డీ దానిదా, నీదా?" అని అడిగేది.

అప్పట్లో న్యాల్‌కల్ వైపు జీపులు పోయేవి. లోపల మనుషులు, పైన మనుషులు, వెనక పట్టుకుని వేలాడే మనుషులు. మేమిద్దరం డ్రైవరు పక్కన ఒకే సీటులో ఇరుక్కునేవాళ్ళం. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆయన "జర జరగండమ్మా" అనేవాడు. ఎక్కడికని జరుగుతాం? చేను గట్టు దగ్గరికి రాగానే రహమత్ బురఖా తీసి మడిచి సంచీలో పెట్టి, చున్నీ నడుముకు బిగించి, నల్లరేగడిలో దిగిపోయేది. నేను గట్టు మీద కూర్చుని మొదట్లో విద్యార్థుల పేపర్లు దిద్దుకునేదాన్ని. తరువాత్తరువాత నన్నూ దింపింది.

మొదటిరోజు ఒక తప్పు చేసింది రహమత్. చదువుకున్నది కదా, మర్యాదగా చేను గలాయన దగ్గరికి పోయి, "మీ చేన్ల కూర తెంపుకోనీకి ఇజాజత్ ఇస్తరా?" అని అడిగింది. ఆయన మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. తమాషా చేస్తున్నామనుకున్నాడు పాపం. "కూరకు అడుగుడు ఏందమ్మా? చేను నాది. కూర అందరిది," అన్నాడు. ఆ మండలాల్లో అదే పద్ధతి. జొన్న కంకి తుంచితే పంచాయతీ అవుతుంది. జొన్నల మధ్య మొలిచిన కూరను ఎవరి ఒళ్ళో ఎవరు నింపుకున్నా అడిగేవాళ్ళు లేరు. కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగు నిండా కోసుకుని పోయేవారు. అదే ఆ పూట కూర.

వాళ్ళే మాకు గురువులు. గునుగు, తుమ్మి, దొగ్గలి, గంగపాయల, జొన్నచెంచలి, ఎలుకచెవుల కూర. ఒక్కొక్కదాన్ని వేళ్ళతో పట్టి చూపించి పేరు చెప్పేవారు. రహమత్ అడిగిందే అడిగేది. "ఏ వానకు మొలుస్తది? ఎర్రచెలకల వస్తదా, రేగడిల వస్తదా? బాలింతకు పెడుతరా?" ఒకామె విసిగిపోయి, "సదువుకున్నోళ్ళు అంగట్ల పైసలు వెట్టి కొంటరు. నువ్వేంది బిడ్డా, గడ్డి పీకవట్టినవ్?" అంది. అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది రహమతే.

ఆకులను ఉర్దూ పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టేది. ఆ కట్టలు నసీరుద్దీన్ సాబ్ దుకాణంలో గుడ్డల తానుల పక్కన ఉండేవి. ఆయన గిరాకీలకు చీరలు చూపిస్తూ పొరపాటున ఒకసారి గునుగు కట్ట విప్పాడట. ఆ తరువాత రాయడం, రాసింది చింపడం, మళ్ళీ రాయడం. బస్టాండు ముందు ఒక టైపిస్టు ఉండేవాడు. మొక్కల లాటిన్ పేర్లు చూసి, "అమ్మా, ఇవి మంత్రాలా?" అని అడిగాడు. కార్బన్ పేపర్లు పెట్టి మూడు ప్రతులు కొట్టాడు. వైవా అయిపోయిన రోజు హైదరాబాదు నుంచి బస్సులో వస్తూ రహమత్ కిటికీ దగ్గర కూర్చుని సదాశివపేట దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేనే ఆగలేక, "డాక్టర్ రహమతున్నీసా" అని పిలిచాను. అప్పుడు ఏడ్చింది. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది. అంత పని, అంత నవ్వు, మళ్ళీ నా బతుకులో కలిసి రాలేదు.

ఉద్యోగం మాత్రం రాలేదు ఆమెకు. ఆ సబ్జెక్టులో పోస్టులు ఏళ్ళ తరబడి పడలేదు. పడేసరికి వయసు దాటింది. ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పి రిటైరయింది. ఇంటి ముందు డాక్టర్ అని బోర్డు పెడితే జ్వరం వచ్చిన వాళ్ళు వచ్చి కూర్చుంటున్నారని ఆ బోర్డు కూడా తీసేసింది. ఇంట్లో ఉన్న ప్రతికి చెదలు పట్టింది. విశ్వవిద్యాలయానికి ఇచ్చిన ప్రతి గదులు మారి, బిల్డింగులు మారి, ఇప్పుడు ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. మిగిలింది అప్పట్లో నేను మా కాలేజీ లైబ్రరీకి ఇప్పించిన ప్రతి ఒక్కటే, ఆ అల్మారీలో. ఆమె అంత కష్టానికి లోకంలో మిగిలిన గుర్తు అదొక్కటి. నెలాఖరుకల్లా దాని ముందు నుంచి ఇంకో అమ్మాయి "నేనే మొదటిదాన్ని" అంటూ నడిచిపోతుంది. నాకు నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మర్నాడు రహమత్‌ను ఆటో ఎక్కించి కాలేజీకి తీసుకుపోయాను. మా పుణ్యం కొద్దీ ఆ సంవత్సరమే ప్రిన్సిపాల్ గురులింగప్ప గారు లైబ్రరీ అల్మారీల్లోని పాత సిద్ధాంత గ్రంథాలను ఇంటర్‌నెట్‌లో పెట్టే పని మొదలుపెట్టారు. కాలేజీకి వచ్చిన మంచి మనుషుల్లో ఆయనొకరు. లైబ్రరీ చూసే వికాస్‌కు ఆ పని అప్పగించారు. వికాస్ అల్మారీ తాళం సుత్తితో రెండు దెబ్బలు వేసి ఊడగొట్టాడు. నీలం రెక్సిన్ అట్ట, వెలిసిపోయిన బంగారు అక్షరాలు. రహమత్ దాన్ని రెండు చేతులా అందుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుంది. నిన్న చల్లగా చాయ్ పోసిన మనిషేనా ఈమె అనిపించింది.

వికాస్ ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. "మేడం, దీన్ని అందరు చూడొచ్చా, లేక అడిగినోళ్ళకే ఇయ్యాల్నా? ఏదంటె అది పెడుత."

"అడిగినోళ్ళకే," అన్నాను నేను. "రావాలె, అడగాలె, అప్పుడు ఇద్దాం. ఇన్నేండ్లు ఎవ్వరు కానలేదు గద."

రహమత్ నా వైపు చూసింది. "చేన్ల కూరకు మనల్ని ఎవరన్న అడగమన్నరానే?"

అందరూ చూడవచ్చు అన్న చోట ఆమె టిక్కు పెట్టి సంతకం చేసింది. వికాస్ రెండు రోజుల్లో పేజీలన్నీ స్కాన్ చేసి ఎక్కించాడు. "అయిపోయింది మేడం. ఇగ దునియా మొత్తం చూస్తది," అన్నాడు.

దునియా సంగతి దేవుడెరుగు, నాకే కనపడలేదు. రోజూ పొద్దున చాయ్ తాగుతూ ఫోనులో వెతికేదాన్ని. రహమతున్నీసా అని కొడితే పెళ్ళికూతుళ్ళకు మెహందీ పెట్టే ఆమె వచ్చింది. జహీరాబాద్ ఆకుకూరలు అని కొడితే కట్ట ఇంటికి తెచ్చి ఇస్తామని ఒక కంపెనీ వచ్చింది. చేను కూరలు అన్నాను, పరిశోధన అన్నాను, న్యాల్‌కల్ అన్నాను. భూముల ధరలు వచ్చాయి. నెలాఖరు దగ్గర పడుతోంది. రహమత్ అడగదు. అడగకపోయినా నేను వాళ్ళింటికి పోయినప్పుడల్లా ముందు నా ముఖం చూస్తుంది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

చివరికి మానసకు ఫోన్ చేశాను. మానసకు కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం, ఓపిక కూడా ఎక్కువ. అరగంటలో తిరిగి ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"పిన్నీ, మీ ప్రిన్సిపాల్ మామూలోడు కాదు."

"ఏమైంది?"

"ఆకుకూరల మీద రాసింది ఆయననే. చెరుకు కూలీల మీద ఆయననే. ఉర్దూ గజళ్ళ మీద, అయస్కాంతాల మీద, కన్నడ సామెతల మీద, అన్ని ఆయననే రాసిండు. మీ కాలేజీ పెట్టిన పుస్తకాలల్ల రచయిత అన్న చోట ఒక్కటే పేరు, గురులింగప్ప."

కాలేజీకి ఎట్లా చేరానో నాకు తెలియదు. వికాస్ నా ముఖం చూసి లేచి నిలబడ్డాడు. సంగతి చెప్పాను. అతనికి తప్పేమిటో అర్థం కాలేదు, నిజంగానే.

"పెద్దసార్ పేరు లేకుండ ఎట్ల పెడుత మేడం? ఏ బోర్డు మీదనన్న ముందు సార్ పేరే ఉంటది గద. రాసినోళ్ళ పేర్లు లోపల పేజీలల్ల ఉన్నయి."

తిట్టడానికి నోరు తెరిచాను. కానీ అతను అన్నది అబద్ధం కాదు. ఈ ఊళ్ళో ఏ శిలాఫలకం చూసినా అదే వరస. పైన పెద్దవాళ్ళ పేర్లు, వాళ్ళ కింద వాళ్ళకంటే కొంచెం చిన్నవాళ్ళ పేర్లు. గోడ కట్టిన మేస్త్రీ పేరు ఏ రాతి మీదా ఉండదు. మా కాలేజీ పత్రికలో నా పద్యం అచ్చయినప్పుడు కూడా పైన ప్రిన్సిపాల్ ఫోటోనే వేశారు. పుట్టినప్పటినుంచీ ఆ రాళ్ళే చదువుకున్న వికాస్, ఖాళీ గడి కనపడగానే అందులో పెద్దాయనను కూర్చోబెట్టాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు మరి.

గురులింగప్ప గారి గదిలోకి పోయి చెప్పాం. ఆయన కాసేపు గుడ్లు మిటకరించి, తరువాత నుదురు కొట్టుకున్నారు.

"అందుకేనా మేడం? నెల నుంచి మెయిల్స్ వస్తున్నయి. ఒకరు ఉర్దూ సదస్సుకు రమ్మంటరు, ఒకరు వృక్షశాస్త్రం పత్రికకు సంపాదకునిగ ఉండమంటరు. నేను చెప్పేదేమో లెక్కలు. మన కాలేజీ పేరు ఎంత దూరం పోయిందని మా ఇంట్ల గూడ చెప్పిన." సిగ్గుపడి నవ్వారు. "వికాస్, అన్ని మార్చు. ఇప్పుడే. నేను ఈన్నే కూసుంట."

పక్కన కుర్చీ వేసుకుని నిజంగానే కూర్చున్నారు, సాయంత్రం దాకా. ఒక్కొక్క గ్రంథం మీంచి తన పేరు తీయిస్తూ, రాసినవాళ్ళ పేర్లు తానే చదివి చెప్పారు. కొందరు పోయారు. కొందరు ఎక్కడున్నారో తెలియదు. రహమతున్నీసా పేరు వచ్చినప్పుడు ముందు డాక్టర్ అని చేర్చమన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

పేరు ఒక్కటి సరి చేస్తే చాలదని మానస చెప్పింది. వికాస్ పెట్టినవి పేజీల ఫోటోలు. వాటిలోని అక్షరాలను యంత్రం చదవలేదట, దానికి అవి అక్షరాల్లా కనపడవట. పైగా గ్రంథం పేరు ఇంగ్లీషులో బారెడు పొడుగు. "పిన్నీ, మనుషులు ఏ మాటలతోని వెతుకుతరో ఆ మాటలు అక్కడ ఉండాలె. మీరిద్దరు కూసోని తెలుగుల ఒక పేజీ రాయిండ్రి. ఊర్ల పేర్లు, కూరల పేర్లు, అన్ని రావాలె."

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పాతికేళ్ళ వాళ్ళమయ్యాం. రహమత్ చెప్పడం, నేను రాయడం. దొగ్గలి ముందా, గునుగు ముందా అని పోట్లాట. వానకాలం వరసలో రాద్దామని ఆమె, వాక్యం అందం చూడాలని నేను. బీదర్ సరిహద్దు ఊళ్ళలో కన్నడంలో ఏమనేవారో, మా ఊళ్ళో ఉర్దూలో ఏమనేవారో ఆమెకు అన్నీ నోటికి ఉన్నాయి. ఒక ఊరి పేరు దగ్గర ఆగి, "జీపు దిగబడ్డ ఊరు ఇదే కదనే?" అంది. జీపు తోయడానికి దిగి నేను బురదలో కూర్చున్న ఊరు అదే. చీర మీద రేగడి మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఇప్పుడు ఆ ఊరి చుట్టూ చేలన్నీ పత్తి, అల్లం. కొంత భూమి ఫ్యాక్టరీలకు పోయింది. మేం నడిచిన గట్లు ఉన్నాయో లేవో. ఆ ఊరి పేరు కూడా రాసుకున్నాను.

ఆ పేజీ ఎక్కించిన రెండో రోజు పొద్దున ఫోనులో ఎలుకచెవుల కూర అని కొట్టాను. మొట్టమొదట వచ్చింది: డాక్టర్ రహమతున్నీసా, జహీరాబాద్. ఫోను పట్టుకుని వాళ్ళింటికి పరుగెత్తాను. రహమత్ ఆ అక్షరాలను చాలాసేపు చూసి, "నా పేరు ఇంత మంచిగ కనవడుతదని నాకే తెల్వది," అంది.

ఆ వారంలోనే ఆ పేజీ కంటపడి ప్రణీత కాలేజీకి ఫోన్ చేసి, నంబరు తీసుకుని, రహమత్‌కు చేసింది. కలవడానికి వస్తానంది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది. అనాల్సిన మాటలన్నీ నేను సిద్ధం చేసుకున్నాను. "అమ్మా, లేదనడానికి ముందు వెతకాలి" అన్నది మొదటి వాక్యం. దానికి ఇంకా పదును పెట్టుకుంటూ రహమత్ ఇంట్లో కూర్చున్నాను.

బస్సు దిగి ఆటోలో వచ్చింది ప్రణీత. సన్నటి పిల్ల, భుజాన పెద్ద సంచీ. నమస్కారం పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, సంచీలోంచి కాగితాలు తీసింది. రహమత్ గ్రంథంలోని పట్టికను అచ్చు తీసుకుని వచ్చింది. కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో టిక్కులున్నాయి.

"మేడం, ఈ ఎలుకచెవుల కూర మీరు నిజంగ ఇక్కడ జూసిన్రా?" అని అడిగింది.

నాకు నసాళానికి అంటింది. "ఏందమ్మా, అబద్ధం రాసిందంటవా? నేను పక్కనే ఉన్న."

"అయ్యో, అట్ల కాదు మేడం." ఆ పిల్ల పెన్సిల్ టిక్కుల మీద వేలు పెట్టి చూపించింది. "నేను రెండేండ్లు తిరిగిన. అవే ఊర్లు. ఇదొక్కటి గూడ కనవడలేదు. టిక్కు లేనివేవి నాకు దొరకలేదు. అవి ఇక్కడ ఉండేటివన్న సంగతే నాకు తెల్వదు. నాకు దొరికినయే మొత్తం అనుకున్న. ఈ చేన్లల్ల ఏం తగ్గలేదు, కూరలు మంచిగున్నయి అని రాసిన. పుస్తకం మొత్తం గదే రాసిన."

రహమత్ ఆ కాగితం అందుకుంది. వేలు పెట్టి పై నుంచి కిందికి ఒక్కొక్క పేరు దగ్గరా ఆగుతూ పోయింది. టిక్కులు తక్కువ. టిక్కు లేని పేర్లే ఎక్కువ.

"ఏమైనయి?" అని అడిగింది, ఊరెళ్ళిన మనుషుల గురించి అడిగినట్టు.

"గడ్డిమందు కొడుతున్నరు మేడం. కలుపు తీసెటోళ్ళు దొరకరు. పత్తిల మందు కొడితే ఇగ ఏం మొలవది. చిన్నోళ్ళకు పేర్లు గూడ తెల్వయి."

నేను పదును పెట్టుకున్న వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఉద్యోగం రానప్పుడు రహమత్ ఏడవలేదు. చెదలు పట్టినప్పుడు ఏడవలేదు. తన గ్రంథం మీద ఇంకొకరి పేరు ఉందని తెలిసినప్పుడు నవ్వింది. ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని ఇప్పుడు ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజులూ నేను కొట్లాడింది ఒక పేరు కోసం. ఆ పేరు కింద ఇన్ని పేర్లు చచ్చిపోయి ఉన్నాయని నాకు తోచనే లేదు. ఈ గ్రంథం అల్మారీలోనే ఉండి ఉంటే, అవి పోయినట్టు కూడా లోకానికి తెలిసేది కాదు.

"నెలాఖరుకు ఇయ్యాలె గద నువ్వు?" అని అడిగాను ఆ పిల్లను, కోపం లేకుండానే.

"ఇస్తలేను మేడం. మా గైడుకు కోపమొచ్చింది. ఎవ్వరు జేయలేదన్న ఆ ఒక్క వాక్యం తీసేసి ఇయ్యమన్నరు. ఎట్ల ఇస్త? మొదటికెళ్ళి రాయాలె. ఇంకో ఏడాది వడుతది." అప్పుడు కూర్చుంది. కలం తీసి, రహమత్ మోకాలి దగ్గరికి జరిగింది. "ఈ దొరకనియి ఒక్కొక్కటి చెప్పండి మేడం. మీరు రాసినయి చదివిన. రాయనియి గావాలె. ఈ ఎలుకచెవుల కూర రుచి ఎట్లుంటది?"

రహమత్ కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "రుచి రాయలేదు నేను. ఇనుము ఎంత, సున్నం ఎంత, అదే రాసిన." నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు మనో. నేను తూకాలు వేసుకుంట కూసుంటె, రొట్టెల వెట్టుకోని తిన్నది నువ్వే గద."

తిన్నాను. ఎండలో, గట్టు మీద, ఎవరో పెట్టిన జొన్నరొట్టెలో ఎన్నోసార్లు తిన్నాను. పెట్టిన చెయ్యి గుర్తుంది, ఆ చేతికి ఉన్న గాజులు గుర్తున్నాయి. పులుపు అన్నాను. కాదు, అది దొగ్గలి కావచ్చు. కొంచెం జిగురు అన్నాను. జిగురో, కాదో. కళ్ళు మూసుకుని నాలుకతో వెతికాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు మాటలు నేర్పినదాన్ని, ఒక్క మాట దొరకలేదు.

ప్రణీత కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

"యాదికి వస్తలేదు," అన్నాను.

రహమత్ నా చెయ్యి పట్టుకుంది. "గదే రాసుకో బేటీ," అంది ఆ పిల్లతో. "రుచి తెల్వదు, తిన్నోళ్ళకు యాది లేదు అని రాయి. అందరికి కనవడేటట్టు రాయి. రేపు ఎవరి చేన్లనన్న ఒక్కటి మొలిస్తె, వాళ్ళు తిని చెప్తరు."

ప్రణీత అట్లాగే రాసుకుంది. రాసి, తరువాతి పేరు అడిగింది.